అందరికీ ఒకటే నిమిషం

కథలాపూర్ దాటి రెండు కిలోమీటర్లు పోయిందో లేదో తబస్సుమ్ స్కూటీ ఆపాల్సి వచ్చింది. ముందర రోడ్డు మీద అన్నం ఉడుకుతోంది.

రెండువేల పదకొండు, బతుకమ్మ రోజులు. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు డిపోలు దాటడం లేదు, బొగ్గు బాయిల్లో పని బందైంది, బడులూ కాలేజీలూ మూతబడ్డాయి. ఆ రోజు ఆ ఊరివాళ్ళు వంటావార్పు పెట్టుకున్నారు. నిరసనల్లో ఇదొక విచిత్రమైన తీరు. రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం లోకమంతటా ఉంది గానీ, ఆపినవాళ్ళకే విస్తరేసి, పప్పుచారు పోసి, "ఇంకింత ఏస్కో" అని బతిమాలి పంపడం ఇక్కడే చూడాలి. తిట్టుకుంటూ బండి దిగినవాడు విస్తరి ముందు కూర్చున్నాక ఇంకేం తిడతాడు? నోట్లో ముద్ద ఉంటుంది.

తబస్సుమ్‌కు ముద్ద దిగే స్థితి లేదు. ఆమె కోరుట్ల పిల్ల. జగిత్యాల బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో జూన్‌లో చేరింది, ఇంకా పర్మినెంటు కాలేదు. మొదటి సంవత్సరం పిల్లలకు వారానికొక గంట కొత్త పాఠం పెట్టారు. దేన్నైనా విడివిడి ముక్కలుగా కాకుండా ఒక వ్యవస్థగా చూడడమెట్లా అన్నది ఆ పాఠం. సమ్మెకు ముందు ఒక్క క్లాసు చెప్పింది. బోర్డు నిండా డబ్బాలు గీసి, డబ్బాకూ డబ్బాకూ మధ్య బాణాలు వేసి, నలభై నిమిషాలు మాట్లాడింది. చివర్లో గణేశ్ అనే పిల్లగాడు లేచి, "మేడం, గిది పరీక్షల వస్తదా?" అన్నాడు. రాదు అంది. యాభై ఎనిమిది మంది ఒక్కసారి పుస్తకాలు మూశారు. ఆ చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. కాలేజీ తెరిచాక వచ్చే క్లాసులో ప్రిన్సిపాల్ స్వయంగా కూర్చుంటానన్నాడు. అది కూడా అట్లాగే పోతే ఆ గంట లెక్కల సారుకు పోతుంది. గంట పోతే ఆమె అవసరం కూడా కాలేజీకి ఉండదు. సిరిసిల్లలో తల్లి చెల్లెలు, ఖాలా జులేఖాబీ ఇంట్లో నాలుగు రోజులుండి, తీరిగ్గా కూర్చుని పాఠం రాసుకుందామని బయల్దేరింది.

చింతచెట్టు నీడలో ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, మడిచిన లాల్చీ చేతులు, పక్కన ఇనుప సామాను గలగలమనే గోనెసంచి. తినడం లేదు. పొయ్యిలనే చూస్తున్నాడు.

"అవ్వా," అన్నాడు వడ్డించే ఆమెతో. "ఆరు పొయ్యిలు ఒక్కపారే అంటిచ్చిన్రు. ఆరు గంజులూ ఒక్కపారే ఉడుకుతయి. గంజి వంచేటోళ్ళు ఇద్దరే ఉంటిరి."

"నీకు ఆకలైతే చెప్పు తాతా, అన్నం పెడత. నీ అక్కల్ నాకొద్దు, తెలివి నాకు గూడ ఉన్నది," అందామె.

పది నిమిషాల్లో ఆరు గంజులూ, ఆ పెద్ద అన్నం గిన్నెలు, ఒక్కసారే పొంగాయి. ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు పట్టుకుని పరుగెత్తారు. మొదటి నాలుగూ దక్కాయి. చివరి రెంటిలో అన్నం మెత్తటి ముద్దయింది. ముసలాయన తల కూడా ఊపలేదు. లేచి, సంచి భుజానేసుకుని, స్కూటీ దగ్గరికొచ్చి సలాం చేశాడు.

"బిడ్డా, వేములవాడ దిక్కేనా? నడుమల ఎర్రచెల్కపల్లి కాడ దించుతవా? ఇయ్యాల రెండు గంటలకు కరెంటు ఇస్తమన్నరు. ఆలోపల నేను ఆడ లేకపోతే పన్నెండు మంది పొలాలు ఎండుతయి."

ఉర్దూలో మొదలుపెట్టి నడుమ తెలుగులోకి దిగిపోయాడు. ఆ దిక్కున అందరూ అంతే, ఒక మాట ఈ ఒడ్డున, ఒక మాట ఆ ఒడ్డున. తబస్సుమ్ సంచి కాళ్ళ దగ్గర పెట్టించుకుని ఎక్కించుకుంది.

ఆయన పేరు మొయినుద్దీన్. పుట్టింది కోరుట్లలోనే. వాళ్ళమ్మ బీడీలు చుట్టి పెంచింది. పద్నాలుగేళ్ళకు బొంబాయి దగ్గరి భీవండి పోయి సాంచాల కింద దూరాడు. సాంచె అంటే సిరిసిల్ల మాటలో మరమగ్గం. పదేళ్ళకు సిరిసిల్ల తిరిగొచ్చి, ముప్పై ఏళ్ళు ఒక్క సాంచె కూడా సొంతానికి లేకుండా అందరి సాంచాలూ బాగుచేశాడు. ఆయనకొక అలవాటుండేది. సాంచె ఆగిందని పిలిస్తే దాని దగ్గరికి పోడు. షెడ్డు గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతూ మిగతా సాంచాలను చూస్తాడు. "గా మూలకున్నది ఆగింది మొయిన్ భాయ్" అంటే, "అరుస్తున్న పిలగాడు ఒకడు, గిల్లినోడు ఒకడు" అనేవాడు. ఇంకో అలవాటు, పనైపోయాక పోయొస్తానని చెప్పడు. రిపేరు చేసినవాడు మళ్ళొస్తానంటే సాంచె వింటుందట, విని నిజంగానే మళ్ళీ పిలిపిస్తుందట. సాంచె నడుస్తుందంటే మొయిన్ భాయ్ వెళ్ళిపోయాడన్న మాట, సిరిసిల్లలో అది అందరికీ తెలుసు.

ఆ వేసవి నుంచి కరెంటు కోతలతో సాంచాలకు పని తగ్గింది. సమ్మెతో బొగ్గు రాక ఇంకా తగ్గింది. అందుకని ఆయన కోరుట్ల దిక్కు ఊళ్ళలో బాయి మోటర్లు బాగుచేస్తూ తిరుగుతున్నాడు.

"మరి పొలాలు ఎండుడేంది చాచా?" అంది తబస్సుమ్.

"నేనే ఎండబెట్టిన," అన్నాడు మొయినుద్దీన్.

చెప్పాడు. ఎర్రచెల్కపల్లి చెరువు వెనక ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పన్నెండు మోటర్లున్నాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, అర్ధరాత్రి రావచ్చు. వచ్చినప్పుడు చీకట్లో పొలానికి పోయి స్విచ్ వేసే బాధ లేకుండా ఆటోస్టార్టరు అనే డబ్బా ఉంటుంది, అది కరెంటు రాగానే మోటరును దానంతటదే లేపుతుంది. ముందొకరు పెట్టించుకున్నారు. ఆయన పొలంలో నీళ్ళు చూసి పక్కాయన, పక్కాయనను చూసి ఇంకొకాయన. పన్నెండింటికీ మొయినుద్దీనే బిగించాడు. ఒక్కొక్కటీ చక్కగా పని చేసింది. పన్నెండోది బిగించిన మర్నాడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

"పడుకున్న ఎద్దు లేచేటప్పుడు ఎంత బలం పెడతది? నడిచేటప్పుడు గంత అక్కరలేదు. మోటరు గూడ అంతే. పన్నెండు ఎద్దులు ఒక్కపారి లేస్తే తాడు తెగదా?" అన్నాడు. "రైతులు ట్రాక్టరు మీద ఏసుకపోయి ఇంకోటి తెచ్చుకున్నరు. నేను పోయి డబ్బా డబ్బాకు టైమర్ పెట్టిన. కరెంటొచ్చినంక ఒక నిమిషం ఆగి లేస్తది. ఓల్టేజి కుదురుకుంటదని."

"తర్వాత?"

"అది గూడ కాలింది. నిన్న మూడోది కూసోబెట్టిన్రు. ఇది పోతే సమ్మె అయ్యేదాక ఇంకోటి లేదు. వరి పాలు పోసుకుంటున్నది బిడ్డా. ఇంకో రెండు తడులు అందకపోతే తాలే మిగులుతది. ఒక నిమిషం సాల్లేదు. ఇయ్యాల పోయి అందరికి రెండు నిమిషాలు పెడత."

స్కూటీ కొంత దూరం పోయింది. తర్వాత తబస్సుమ్ దాన్ని రోడ్డు పక్కకు తీసి ఆపింది.

"చాచా, అందరికి రెండేనా?"

"అందరికి ఒకటే న్యాయం ఉండాలె గద. ఒకనికి తక్కువ, ఒకనికి ఎక్కువ పెడితే ఊళ్ళె లొల్లి. ముప్పై ఏండ్లు సిరిసిల్లల మాట పడకుంట బతికిన."

"ఇందాక పొయ్యిల కాడ మీరేమన్నరు?"

ఆయన వెనక్కి తిరిగి, వచ్చిన రోడ్డు దిక్కు చూశాడు.

"ఆరు పొయ్యిలు ఒక్కపారి అంటిస్తే ఆరు గంజులు ఒక్కపారి ఉడుకుతయన్నరు. పది నిమిషాలు ఆగి అంటిస్తే? అప్పుడు గూడ ఒక్కపారే ఉడుకుతయి, పది నిమిషాలు ఆలస్యంగ."

మొయినుద్దీన్ వెనక సీటు మీంచి దిగాడు. రోడ్డు పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడు. మనిషి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమెకు తెలియలేదు. గడ్డం రుద్దుకుంటూ అన్నాడు: "షెడ్డుల ఏ సాంచె గిల్లిందో గుమ్మంల కూసుండి చూసేటోణ్ని. ఈడ ఒక్కొక్క డబ్బా ముందు ఒంగి కూసున్న. గుమ్మమే యాదికి రాలే." తర్వాత ఆమె ముఖం చూసి, "నువ్వేం చదువు చెప్తవు బిడ్డా?" అన్నాడు.

"గిదే," అంది తబస్సుమ్. "కానీ ఎవ్వలికి అర్థమయ్యేటట్టు చెప్పలేదు."

వాళ్ళు ఎర్రచెల్కపల్లి చేరేసరికి పన్నెండున్నర. చెరువు కట్ట కింద, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె చుట్టూ పన్నెండు మంది రైతులూ చేరి ఉన్నారు. ఆటోస్టార్టర్లు పీకేస్తాడనుకున్నారో ఏమో, కొందరు ముందే చేతులు కట్టుకున్నారు. మొయినుద్దీన్ ఏదీ దాచలేదు. తప్పు నాదే, అందరికీ ఒకే నిమిషం పెట్టాను, ఈసారి మోటరు మోటరుకూ అర నిమిషం తేడా పెడతాను అన్నాడు. ఒకటి లేచి కుదురుకున్నాకే ఇంకొకటి లేస్తుంది.

అది అందరికీ నచ్చింది. నచ్చనిది దాని తర్వాతి ప్రశ్న.

"మరి మొదలెవ్వలిది?" అన్నాడు కొమురెల్లి.

కొమురెల్లికి అక్కడ మూడెకరాలుంది, అందరికంటే ఎక్కువ. గొంతు కూడా అంతే. ఆయన మోటరు డబ్బాకు తాళం ఉంది. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "నాది మొదలుండాలె. లేకుంటే నా డబ్బా ముట్టనియ్య. నువ్వే పెడ్తివి, నువ్వే కాలబెడ్తివి, మళ్ళ నువ్వే వైద్యం చేస్తనంటవు. నీ చెయ్యి మంచిది గాదు భాయ్."

"నా చెయ్యి మంచిదే కొమురెల్లీ," అన్నాడు మొయినుద్దీన్. "అక్కల్‌కే జర ఆలస్యమైంది."

నవ్వారు గానీ తాళం రాలేదు. చీట్లు వేద్దామని ఒకరు, పెద్దవాళ్ళ నుంచి మొదలుపెడదామని ఒకరు. ఒంటిగంట దాటింది. పదకొండు టైమర్లు సరిగ్గా తిప్పి పన్నెండోది వదిలేస్తే పని జరగదా అని తబస్సుమ్ మెల్లగా అడిగింది. జరుగుతుంది అన్నాడు మొయినుద్దీన్, రేపటిదాకా. "ఒకడు ఇష్టమొచ్చినట్టు ముందు లేస్తే, రేపు ఇంకొకడు లేపుకుంటడు. ఎల్లుండి పన్నెండు మంది."

అప్పుడు ఐలవ్వ మాట్లాడింది. ఆమె మొగుడు దుబాయిలో ఉంటాడు. ఎకరన్నర ఆమే చేసుకుంటుంది. అందరికంటే ఆలస్యంగా నాటింది ఆమెనే, నారు పోసిన మడి ఒకసారి మునిగి మళ్ళీ పోసుకోవాల్సి వచ్చింది.

"నాట్లప్పుడు లొల్లి పెట్టుకున్నమా?" అంది. "ఆడోళ్ళం బదులు పోతిమి. ఇయ్యాల నీ మడి, రేపు నా మడి. ఎవ్వలి పొలంల మొదలు దిగినం, ఎవ్వలి దాంట్ల ఆఖరుకు దిగినం, అందరికి యాదికున్నది గద. నా నడుముకు ఇంకా యాదికున్నది. గా వరుసనే ఉల్టా పెట్టుండ్రి. మొదలు నాటినోళ్ళ వరి గట్టిపడ్డది, జర ఆగగలదు. ఆఖరుకు నాటినోళ్ళది పాల మీదున్నది."

గుంపు కొంచెం కదిలింది. వరుస ఎవరూ కొత్తగా కనిపెట్టింది కాదు. మోకాలి లోతు బురదలో ఒంగి నాటిన పన్నెండు రోజులు అందరి కళ్ళ ముందూ ఉన్నాయి. దాని మీద తగవేముంది?

"అంటే నాది ఆఖరు," అన్నాడు కొమురెల్లి. అతనిదే అందరికంటే ముందు నాటిన పొలం.

"ఆఖరంటే ఎంత సేపు?" అంది తబస్సుమ్. అందరి ముందూ అదే ఆమె మొదటి మాట. అందరూ తిరిగి చూశారు. "పదకొండు అర నిమిషాలు. అయిదున్నర నిమిషాలు."

"అయిదున్నర నిమిషాలల్ల నువ్వు ఒక బీడీ గూడ కాల్చవు కొమురన్నా," అంది ఐలవ్వ. "నాట్లప్పుడు మీ పొలంల మేం పన్నెండు మందిమి దిగినప్పుడు, ఆఖరు మడిదాన్ని నేను గిట్లనే తాళమేసుకొని కూసున్ననా?"

కొమురెల్లి మొలతాడు విప్పే కష్టం ఎందుకని, మనిషే డబ్బా దగ్గరికి నడిచి, వంగి, తాళం తీశాడు.

మొయినుద్దీన్ పొలం పొలం తిరిగాడు. తబస్సుమ్ చెప్పులు చేతపట్టుకుని వెనకాలే నడిచింది. నోటుబుక్కులో వరుస రాసి, టైమర్ మీద ఏ గీత దగ్గర ఆపాలో చదివింది. ఆయన తిప్పాడు. రెండుకు అయిదు నిమిషాలుండగా చివరిదైన కొమురెల్లి డబ్బా మూత మూశారు.

రెండు దాటింది. రాలేదు. రెండుంబావు. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మూలగడం మొదట మొయినుద్దీనుకే వినబడింది, వేలు పైకెత్తాడు. ఐలవ్వ బోరు దగ్గర మోటరు ఒకసారి గుర్రుమని లేచింది. పైపు దగ్గి, గాలి కక్కి, నీళ్ళు పోసింది. తబస్సుమ్ పెదాలు కదులుతున్నాయి, లెక్క పెడుతోంది. ముప్పై. రెండోది. అరవై. మూడోది. ప్రతి మోటరు లేచినప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు కొంచెం లావయ్యేది, మళ్ళీ సన్నబడేది. ఎనిమిదో మోటరు దగ్గర ఎవరో ఊపిరి గట్టిగా వదిలారు. పన్నెండోది లేచాక కూడా చాలాసేపు గద్దె దగ్గర నుంచి ఎవరూ కదల్లేదు. పన్నెండు పైపుల నీళ్ళ చప్పుడు కలిసి చెరువు నిండి మత్తడి మీంచి దూకినట్టుంది. కొమురెల్లి మొదటి మోటరుకు వెలిగించిన బీడీ పైకెత్తి, ఐలవ్వ దిక్కు చూసి, "సగమే అయ్యింది" అన్నాడు.

తబస్సుమ్ సిరిసిల్ల పోయింది. నాలుగు రోజులు ఖాలా ఇంట్లో కూర్చుంది గానీ డబ్బాలు గీయలేదు.

సమ్మె ముగిసి, దీపావళి పోయి, నవంబరు మొదట్లో కాలేజీ తెరిచారు. ఆమె ముందే సిరిసిల్లకు కబురు పంపింది. మొయినుద్దీన్ బస్సులో జగిత్యాల వచ్చి, గోనెసంచితో సహా ఆఖరు బెంచీలో కిటికీ పక్కన కూర్చున్నాడు. పిల్లలతో మాట్లాడమంటే తల అడ్డంగా ఊపాడు. ఆయన పక్కనే ప్రిన్సిపాల్, కాగితం, పెన్ను.

తబస్సుమ్ బోర్డు ముట్టుకోలేదు. పన్నెండు మందిని ముందు వరుసలో కూర్చోబెట్టింది. "మీరు పన్నెండు మోటర్లు. నేను ఒకటి నుంచి పన్నెండుదాక లెక్కపెడత. ఇష్టమొచ్చిన అంకెకు లేవండి. ఎంత ముందు లేస్తే అంత ఎక్కువ నీళ్ళు. ఒకే అంకెకు ముగ్గురికంటె ఎక్కువ లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది, ఎవ్వరికి నీళ్ళుండవు."

ఒకటి అంది. పది మంది లేచారు. కాలింది.

మళ్ళీ ఆడదాం అంది. ఈసారి పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకుని తెలివిగా నవ్వుకున్నారు. ఒకటి అంది. ఎవరూ లేవలేదు. రెండు అంది. తొమ్మిది మంది లేచారు. అందరూ ఒకటికి లేస్తారు, మనం రెండుకు లేద్దాం అని తొమ్మిది మంది వేరువేరుగా అనుకున్నారు. క్లాసు ఘొల్లుమంది. గణేశ్ రెండుసార్లూ కాలబెట్టిన వాళ్ళలో ఉన్నాడు.

"వీడు నడుమల లేవకపోతే బతికేటోళ్ళం," అన్నాడు పక్కవాణ్ని చూపించి.

"నువ్వేమన్న నిద్రపోయినవా?" అన్నాడు వాడు.

మూడోసారి మొదలుపెట్టబోతుంటే శ్వేత చెయ్యెత్తింది. ధర్మపురి దిక్కునుంచి వస్తుంది ఆ పిల్ల, క్లాసులో నోరు తెరవదు. "మేడం, మేం మాట్లాడుకోవచ్చా?"

"వద్దని నేనెప్పుడన్న?" అంది తబస్సుమ్.

నిజమే, ఎవరూ వద్దనలేదు. ఆ తర్వాత పుట్టిన లొల్లికి వరండాలో పోయేవాళ్ళు తొంగిచూశారు. రోల్ నంబరు వరుస అన్నారు, మార్కుల వరుస అంటే కొట్టబోయారు. చివరికి ఎక్కువ దూరం బస్సులో వచ్చేవాళ్ళు ముందు, జగిత్యాల వాళ్ళు ఆఖరు అని ఒప్పుకున్నారు. అంకెకొకరు చొప్పున పన్నెండు మందీ లేచారు. కాలలేదు.

అప్పుడు తబస్సుమ్ చాక్‌పీసు తీసుకుని, ఎర్రచెల్కపల్లి కథ చెబుతూ, మూడే మూడు డబ్బాలు గీసింది. కోత, తొందర, కాలడం. కోత నుంచి తొందరకు, తొందర నుంచి కాలడానికి బాణాలు వేసింది. ఎవరి తప్పు ఇది అని అడిగింది. ఎవరిదీ కాదని కొందరు, అందరిదీ అని కొందరు అన్నారు. గణేశ్ లేచాడు. మళ్ళీ పరీక్ష సంగతే అడుగుతాడనుకుంది.

"మేడం, బాణం వెనుకకు గూడ రావాలె," అన్నాడు. "కాలుతదన్న భయంతోటే గద రేపు ఇంకింత తొందరపడేది. కాలుడు నుంచి తొందరకు గియ్యుండ్రి. అది గుండ్రంగ తిరుగుతది."

తబస్సుమ్ చాక్‌పీసు అతని చేతికిచ్చింది. గీత కొంచెం వంకరగా వచ్చింది గానీ తిరగాల్సిన చోట తిరిగింది.

గంట కొట్టారు. ఎవరూ పుస్తకాలు మూయలేదు. మూయడానికి తెరిస్తే గద. ప్రిన్సిపాల్ కాగితం మీద ఏమీ రాయలేదు. ముందుకొచ్చి, బోర్డు చూసి, "గీ గంట మీకే ఉంచుతున్నమ్మా," అన్నాడు. "మరి పరీక్షల ఎట్ల అడగాలె?"

"అడగొద్దు సార్," అంది. రెండు నెలల తర్వాత ఆమెకు నవ్వు వచ్చేసింది.

ఆ నవ్వుతోనే ఆఖరు బెంచీ వైపు తిరిగింది. బెంచీ ఖాళీగా ఉంది. సంచి కూడా లేదు. కిటికీలోంచి చూస్తే మొయినుద్దీన్ అప్పటికే గేటు దాటాడు. గోనెసంచి భుజం మార్చుకుని, ఎండలో రోడ్డు వారగా నడుస్తున్నాడు. వెనకనుంచి వేములవాడ బస్సు, ఖాళీ సీట్లతో, ఆయన పక్కనే మెల్లగా పోయింది. కాలేజీ దిక్కు తిరిగి బస్సాపితే మళ్ళొస్తానన్నట్టు అవుతుందనేమో, ఆయన చెయ్యెత్తలేదు, తిరిగి చూడలేదు. నడుస్తూనే పోయాడు.